లెక్కలతో మలేరియాను పట్టిన మిలిటరీ డాక్టరు – సర్ రోనాల్డ్ రాస్

సికింద్రాబాద్ కంటోన్మెంటులో పనిచేసిన మనవాళ్లకు బేగంపేటలో రాస్ పేరు మీదున్న పాత భవనం తెలిసే ఉంటుంది. 1897 ఆగస్టు 20న ఆయన అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన సంగతీ తెలుసు. ఆ తర్వాత ఆయన వేసిన లెక్కల గురించి తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. ఆర్మీ మెడికల్ కోర్‌లో పనిచేసిన నాకు డ్యూటీలో ఎక్కువగా అక్కరకొచ్చినవి ఆ లెక్కలే.

రాస్ 1857 మే 13న అల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యంలో జనరల్. కొడుకు మనసు కవిత్వం మీద, సంగీతం మీద ఉన్నా, తండ్రి కోరిక మేరకు డాక్టరీ చదివి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ ఆయన దృష్టిని దోమ మీదికి మళ్లించాడు. సికింద్రాబాద్‌లో హుసేన్ ఖాన్ అనే రోగికి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి పరీక్షలు చేశాడు. ఫలితం దొరికిన కొద్ది రోజులకే ఖేర్వారాకు బదిలీ! బదిలీ ఆర్డరు సంగతి మనకొకరు చెప్పాలా? 1898లో కలకత్తాలో పక్షుల మీద ప్రయోగాలతో మిగతా కథ తేల్చాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

అసలు పోరాటం తర్వాత మొదలైంది. లాహోరు దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంటులో కొన్నేళ్లు దోమల నిర్మూలన చేసి, లాభం లేదని తేల్చేశారు. దోమలన్నిటినీ చంపడం ఎవరి తరం అన్నారు. రాస్ ఒప్పుకోలేదు. అన్నిటినీ చంపనక్కర్లేదని 1908 మారిషస్ నివేదికలోనూ, 1911లో తన మలేరియా గ్రంథం రెండో ముద్రణలోనూ లెక్క కట్టి చూపించాడు.

లెక్క ఇలా ఉంటుంది. 48 దోమలున్నాయనుకుందాం. నాలుగోవంతుకే రోగి రక్తం దొరికితే అవి 12. క్రిమి పెరిగేదాకా మూడోవంతే బతికితే 4. వాటిలో నాలుగోవంతే మళ్లీ మనిషిని కుడితే ఒక్కటి. ఇలా వచ్చే కొత్త కేసులు ఒక పక్క, నయమయ్యేవాళ్లు ఒక పక్క. దోమలు ఒక హద్దు కన్నా తగ్గితే కొత్త కేసుల కన్నా నయమయ్యేవాళ్లే ఎక్కువై, జబ్బు దానంతటదే తగ్గుముఖం పడుతుంది.

వానాకాలంలో డ్రమ్ములు బోర్లించే ఫెటీగ్‌కు వచ్చిన జవాన్లు, ఇన్ని దోమలుంటే వీటితో ఏమవుతుంది సార్ అని అడిగేవాళ్లు. నేను నేల మీద పుల్లతో ఈ లెక్కే గీసి చూపించేవాణ్ణి. తర్వాత సణుగుడు తగ్గేది.

రాస్ 1917లో హిల్డా హడ్సన్ అనే గణితవేత్తతో కలిసి ఈ లెక్కను ఇతర అంటువ్యాధులకూ విస్తరించాడు. 1901లో ఆయనతో సియెర్రా లియోన్ వెళ్లిన మెకెండ్రిక్ కూడా మన మెడికల్ సర్వీసు ఆఫీసరే. ఆయన 1927లో కెర్మాక్‌తో కలిసి ఇచ్చిన సమీకరణాల బాటలోనే 2020లో కోవిడ్ అంచనాలు చాలావరకు వేశారు.

రాస్ 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశాడు. శత్రువును పూర్తిగా తుడిచిపెట్టలేమని చేతులు కట్టుకు కూర్చోకుండా, ఎంత తగ్గిస్తే గెలుస్తామో ముందు లెక్క వేసుకోమన్నది ఆయన మనకిచ్చిన పాఠం. యూనిట్లో ఉన్నా, రిటైరై కాలనీలో ఉన్నా మన ఇంటి చుట్టూ నిలవ నీళ్లు పారబోయడం ఆ లెక్కలో మన వంతు.