కోనసముద్రపు కొలుములు – డాక్టరు వాయిసీ

దక్కను పీఠభూమియందలి శిలలను శాస్త్రదృష్టితో పరిశీలించిన తొలివారిలో డాక్టరు హెన్రీ వెస్లీ వాయిసీ అగ్రగణ్యుడు. భారతీయ భూగర్భశాస్త్రమునకు పితామహుడని ఆయనను పేర్కొనువారు కలరు. అయినను ఆయన నడచిన నేలయందు చదువుకొను మన విద్యార్థులకు ఆ పేరు అంతగా పరిచితము కాదు. భీమ్‌గల్ పసుపు చేలకు, లింబాద్రిగుట్టకు చేరువనున్న కోనసముద్రమను పల్లె పేరు ప్రపంచ విజ్ఞానగ్రంథములకు ఎక్కుటలో ఆయన వ్రాత ప్రధానమైనది.

వాయిసీ వృత్తిచేత వైద్యుడు. 1818వ సంవత్సరమున కర్నలు లాంబ్టను నడుపుచుండిన భూమాపన కార్యము కంపెనీ గవర్నరు జనరలు ఆధీనములోనికి వచ్చి, మహా త్రికోణమితి సర్వే అను పేరు వహించెను. ఆ దండునకు ఒక వైద్యుడు అవసరమయ్యెను. ఆ పదవి వాయిసీకి లభించెను. రోగులకు మందిచ్చుటయే కాక, దారిపొడుగున కాననగు రాళ్లను, ఖనిజములను పరిశీలించి ప్రభుత్వమునకు నివేదించుట కూడ ఆయన విధిగా నియమింపబడెను. ఇట్లు ఒక చేత మందులపెట్టె, మరియొక చేత సుత్తి ధరించి ఆయన నిజాము రాజ్యమున అడుగిడెను.

ఈ రెండు పనులకును కాలము వేరు. కొలతగాండ్రకు దూరపు కొండలు స్పష్టముగా కనబడవలెను. వేసవియందు ధూళి, ఎండమావులు చూపునకు అడ్డుపడును. వాన వెలిసినపిమ్మట గాలి నిర్మలమగును గనుక వారు వర్షాకాలమును కోరుదురు. రాళ్లను చదువువానికి అట్లు కాదు. గడ్డి మాడి, వాగులు ఎండి, నేల తన ఎముకలను బయటపెట్టు వేసవియే వానికి అనుకూలము. వాయిసీ రెండు ఋతువుల కష్టములను అనుభవింపవలసివచ్చెను.

1819వ సంవత్సరమున కృష్ణా గోదావరుల నడుమ కొలత సాగించుటకై జార్జి ఎవరెస్టు అను యువ అధికారి బయలుదేరినపుడు వాయిసీ ఆయనకు తోడుగా వెళ్లెను. హిమాలయమున మహోన్నత శిఖరమునకు పిమ్మట పెట్టబడిన పేరు ఈ ఎవరెస్టుదే. వానలలో గోదావరి ప్రాంతపు అడవుల జ్వరము ఆ దండును చుట్టుముట్టెను. దోమకాటువలన ఆ జ్వరము వచ్చునని ఆనాడు ఎవ్వరికిని తెలియదు. రోగులను కాపాడవలసిన వైద్యుడే రోగియయ్యెను. దండులో అత్యధికులు మంచమెక్కిరి, పలువురు మరణించిరి. మిగిలినవారిని మోసికొని హైదరాబాదు చేర్చవలసివచ్చెను. ఎవరెస్టు ఆరోగ్యము కోలుకొనుటకై 1820లో దక్షిణాఫ్రికా అగ్రమునకు ఓడయెక్కి వెళ్లెను. వాయిసీ మాత్రము ఈ దేశముననే నిలిచి తన పరిశీలనలను కొనసాగించెను.

ఆ దినములలోనే ఆయన కోనసముద్రపు కమ్మరుల పనిని చూచెను. అచ్చట తయారగు ఉక్కు పారసీక దేశమునకు ఎగుమతి అగుచుండెను. దమస్కసు కత్తులని లోకము కొనియాడిన ఖడ్గములకు మూలద్రవ్యము ఇట్టి భారతీయపు ఉక్కే. ఇస్ఫహాను నగరమునుండి వచ్చిన పారసీక వర్తకుడు కొలిమి చెంతనే ఉండి, ఇనుము తూచుట మొదలు ఉక్కు పరీక్ష వరకు తానే చూచుకొనుచుండెను. తమ దేశమున ఇట్టి ఉక్కును చేయబోయి ఆ వర్తకులు విఫలులైరని వాయిసీ గ్రహించెను.

ఆయన పనిక్రమమును వైద్యుని ఓర్పుతో వివరించెను. రెండు వేర్వేరు చోటుల ఇనుములను మూడు పాళ్లకు రెండు పాళ్ల చొప్పున కలిపి మట్టి మూసలలో ఉంచుదురు. మూసలను కొలిమిలో పేర్చి, తోలు తిత్తులతో వంతులవారీగా ఇరువదినాలుగు గంటలు ఊదుదురు. పిమ్మట మూసలను మెల్లగా చల్లారనిచ్చి, పగులగొట్టి ఉక్కుబిళ్లలను తీయుదురు. ఆ బిళ్లలు మిక్కిలి పెళుసుగా ఉండును గనుక వానికి మట్టి పూసి మరల మరల కాల్చి మెత్తబరచుదురు. ఇంచుమించు అదే కాలమున లండనులో మైకేలు ఫారడే భారతీయపు ఉక్కును విశ్లేషించుచు, దాని రహస్యమును ప్రయోగశాలలో వెదకుచుండెను. ఆ రహస్యము చేతి అలవాటుగా వెలసిన చోటును కన్నులార చూచి వ్రాసినవాడు వాయిసీ. ఆయన కమ్మరులను అనాగరికులని త్రోసిపుచ్చక, వారి పనియందలి ప్రతి మెట్టునకు కారణముండునని భావించెను. ఆయన గొప్పతనము ఇందే కలదు.

ఆయన దృష్టి ఉక్కుతో ఆగలేదు. బనగానపల్లె వజ్రపు గనులను చూచి, అచ్చటి వజ్రములు ఇసుకరాతి నడుమనున్న గులకరాతి పొరయందు లభించుచున్నవని తెలిపెను. వజ్రములకు జన్మస్థానమైన అగ్నిశిలలు దక్షిణాఫ్రికాయందు 1870 ప్రాంతమున గాని లోకమునకు తెలియలేదు. కావున ఆయన చూచినది వజ్రపు పుట్టినిల్లు కాదు, అది చేరిన మెట్టినిల్లు. అయినను ఆయన చూచినదానిని చూచినట్లు చెప్పెను. ఆగ్రాయందలి తాజమహలు పొదుగుడు పనిలోని రాళ్లను కూడ ఆయన పరీక్షించి వివరించెను.

1823 ఏప్రిలు మాసమున, మండుటెండలలో, బేరారు సీమయందలి గావిల్‌గఢ్ కొండలపై ఆయనకు శిలీభూతమైన గుల్లలు దొరికెను. నల్లరాతి పొరల నడుమ జీవుల గుల్లలుండుట సామాన్య విషయము కాదు. ఆ కాలమున యూరపులోని పండితులలో కొందరు అట్టి నల్లరాయి నీటినుండి పేరుకొన్నదనియు, మరికొందరు అగ్నినుండి పుట్టినదనియు వాదించుకొనుచుండిరి. వాయిసీ అగ్నిపక్షమును సమర్థించెను. ఒక లావాప్రవాహము చల్లారినపిమ్మట చెరువులేర్పడి జీవులు నివసించెననియు, మరియొక ప్రవాహము వచ్చి వానిని కప్పివైచెననియు నేటి శాస్త్రము నిర్ణయించినది. ఆ ప్రవాహములు సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల నాటివి. మన నల్లరేగడి నేల ఆ రాయి శిథిలమగుటవలన ఏర్పడినదని కూడ ఆయన తలచెను.

మరుసటి వేసవి ఆయనకు దక్కలేదు. 1824 ఏప్రిలులో కలకత్తాకు పయనమై పోవుచు మార్గమధ్యమున ఆయన మరణించెను. నాటికి ఆయన వ్రాతలలో పెక్కు అచ్చుకాలేదు. వజ్రపు గనులపై వ్యాసము 1825లోను, ఉక్కుపై వ్యాసము 1832లోను, హైదరాబాదు భూగర్భమునుగూర్చిన నివేదిక 1833లోను, దినచర్యలోని భాగములు 1850లోను కలకత్తాలో వెలువడెను. ప్రభుత్వము భూగర్భ పరిశోధనకై 1851లో ప్రత్యేకశాఖను నెలకొల్పునాటికి ఆయన గతించి ఇరువదియేడు సంవత్సరములు కడచెను.

ఆయన చూచిన కొలుములును కాలక్రమమున చల్లారెను. యంత్రములతో చేసిన చౌక ఉక్కు దిగుమతి కాగా కమ్మరుల వృత్తి క్షీణించెను. 2010లో బెంగుళూరు, ఇంగ్లండు దేశపు పరిశోధకులు కలిసి ఉత్తర తెలంగాణపు ఊళ్లు తిరిగి పాత కొలుముల చిట్టెములను, మూసల పెంకులను నమోదు చేసిరి. ఆ పెంకులకు అర్థము చెప్పుకొనుటకు పండితులు నేటికిని వాయిసీ వ్రాతను ఆశ్రయించుచున్నారు. ఆ మూసలను చేసిన కమ్మరుల పేర్లు మాత్రము ఎచ్చటను మిగులలేదు. వారి విద్య కొంతయైనను నిలిచినదన్న, ఒక అన్యదేశీయుడు జ్వరపీడితుడై యుండియు కొలిమి ప్రక్కన నిలిచి వ్రాసికొనుటవలననే. ఊరి వెలుపల చిట్టెపు దిబ్బలున్న పాఠశాలల విద్యార్థులు, ఉపాధ్యాయుల తోడ్పాటుతో ఒక్క దినము వానిని పరిశీలించి వ్రాసిపెట్టిన, ఆ పని వారి చేతులలో ముందునకు సాగును.