ముగ్గురు పిల్లలు, ఒక డార్క్‌రూమ్

మా అక్క పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తుంది. మూడు నెలల కిందట ఒక కల్యాణమండపంలో ముహూర్తం అయ్యాక పది నిమిషాలు దొరికితే, స్టోర్ రూములో బియ్యం మూటల పక్కన కూచుని పాపకు పాలిచ్చింది. అప్పుడు పాపకు నాలుగో నెల. పాపను ఎత్తుకుని వెంట వెళ్ళింది నేనే. పెళ్ళివారిలో ఒక పెద్దావిడ చూసి, చంటిబిడ్డ తల్లికి ఈ పని అవసరమా అంది. అక్క ఏమీ మాట్లాడలేదు. మిగతా ఫోటోలన్నీ తీసి, ఇంటికొచ్చి కెమెరా బీరువాలో పెట్టేసింది. అది ఇంకా అక్కడే ఉంది.

ఈసారి గోడపత్రికకు ఎవరైనా ప్రసిద్ధుల జీవితం రాయమని మేడం చెప్పినప్పుడు నేను కవుల జోలికి పోకుండా ఇమోజెన్ కన్నింగ్‌హామ్‌ని ఎంచుకున్నది అందుకే.

ఆమె 1883లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో పుట్టింది. తండ్రికి చదువంటే ఇష్టం. షేక్స్‌పియర్ నాటకం సింబలీన్‌లోని నాయిక పేరు కూతురికి పెట్టాడు. పెరిగింది సియాటిల్‌లో. పద్దెనిమిదేళ్ళప్పుడు, 1901లో, పోస్టులో ఒక కెమెరా తెప్పించుకుంది. కూతురు ఫోటోలు తీసి బతుకుతుందన్న నమ్మకం తండ్రికి పెద్దగా లేదు గానీ, కట్టెల కొట్టంలో ఒక డార్క్‌రూమ్ మాత్రం కట్టించి ఇచ్చాడు. మా నాన్న కూడా ఇంతే. వద్దంటూనే అక్కకు లెన్సు కొనిచ్చాడు.

యూనివర్సిటీలో ఆమె చదివింది కెమిస్ట్రీ. ఫీజు కోసం బాటనీ వాళ్ళకు మొక్కల ఫోటోలు తీసి పెట్టేది. 1907లో చదువు అయిపోయాక ఎడ్వర్డ్ కర్టిస్ స్టూడియోలో చేరి ప్లాటినం కాగితం మీద ప్రింటు వేయడం నేర్చుకుంది. 1909లో స్కాలర్‌షిప్ మీద జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్ళి ఆ రసాయనాలే ఇంకా లోతుగా చదివింది. తిరిగొచ్చి సియాటిల్‌లో సొంత స్టూడియో పెట్టింది. ఆడవాళ్ళకు ఫోటోగ్రఫీ మంచి వృత్తి అని 1913లో ఒక వ్యాసం కూడా రాసింది. అప్పటికి ఆమెకు పెళ్ళి కాలేదు. ఈ మాట నేను కావాలనే చెబుతున్నాను. వృత్తి గురించి ధైర్యంగా రాయడం ఒకటి, చంకలో బిడ్డతో ఆ మాట మీద నిలబడడం ఇంకొకటి.

1915లో రాయ్ పార్ట్‌రిడ్జ్ అనే చిత్రకారుణ్ణి పెళ్ళాడింది. ఆ ఏడాది డిసెంబర్‌లో పెద్దవాడు గ్రిఫిడ్ పుట్టాడు. 1917లో స్టూడియో మూసేసి శాన్ ఫ్రాన్సిస్కోకు మారారు. ఆ సెప్టెంబర్‌లోనే కవలలు పుట్టారు, రోండల్, పాడ్రిక్. లెక్క వేసుకోండి, పెద్దవాడికి ఇంకా రెండేళ్ళు నిండలేదు! మా ఇంట్లో ఒక్క పాపకే అమ్మ, నాన్న, అక్క, నేను నలుగురం చాలడం లేదు. అక్కడ ముగ్గురు. భర్త బొమ్మలు గీయడానికి ఊళ్ళు తిరిగే మనిషి. తర్వాత ఆయనకు ఓక్లాండ్‌లోని మిల్స్ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. అప్పట్లో అదీ మనలాగే ఆడపిల్లల కాలేజీగా ఉండేది.

స్టూడియో లేదు, పిల్లల్ని వదిలి ఎక్కడికీ కదలడానికి లేదు. ఆమె కెమెరాను పెరట్లోకి తెచ్చుకుంది. మొక్కలు పెంచింది, వాటినే ఫోటోలు తీసింది. పిల్లలు పడుకున్నంతసేపే పని. చంటిపిల్లలకు అన్నం పెట్టే చేతులే డార్క్‌రూమ్‌లో మందునీళ్ళలో మునగాలి. కెమిస్ట్రీ చదివిన మనిషి కాబట్టి ఏది ఎంత ప్రమాదమో ఆమెకు బాగా తెలుసు. పిల్లలూ ఆమె ఫోటోల్లోకి వచ్చారు. కానీ నాకు నచ్చింది పూలు. ఒక్క మాగ్నోలియా పువ్వునే దాదాపు రెండేళ్ళు రకరకాలుగా తీసింది. మాగ్నోలియా అంటే ఎక్కడిదో అనుకోకండి, మన సంపెంగకు దగ్గరి చుట్టమే. 1925 ప్రాంతంలో తీసిన ఫోటోలో ఆ పువ్వు కాగితం నిండా ఉంటుంది, లోపలి కేసరాలన్నీ లెక్కపెట్టవచ్చు. ఎంత దగ్గరికి వెళ్తే అలా కనబడుతుందో! ఇంకొకటి రెండు కాలా పూలది. అవి మన చేమ మొక్క కుటుంబానివి.

1929లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనకు ఆమె ఫోటోలు పది వెళ్ళాయి. ఎక్కువ భాగం పెరటి మొక్కలే. 1932లో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ వగైరాలతో కలిసి ఎఫ్ 64 అనే బృందంలో ఉంది. దగ్గరిదీ దూరానిదీ అంతా స్పష్టంగా రావాలన్నది వాళ్ళ పట్టు.

1934లో వానిటీ ఫేర్ పత్రిక పని మీద న్యూయార్క్ వెళ్ళే అవకాశం వచ్చింది. నాకు వీలయ్యేదాకా ఆగు, కలిసి వెళ్దాం అన్నాడు భర్త. ఆమె ఆగలేదు. ఆ ఏడే విడాకులయ్యాయి. ఇక్కడ ఎవరిది తప్పని తీర్పు చెప్పడం నావల్ల కాదు. పంతొమ్మిదేళ్ళు కలిసి కాపురం చేశారు. నా వయసంత.

ఆమె స్నేహితురాలు డొరోతియా లాంగ్ కూడా పేరున్న ఫోటోగ్రాఫరే. పని కోసం తన ఇద్దరు కొడుకుల్ని కొన్నాళ్ళు వేరే వాళ్ళ ఇళ్ళలో ఉంచాల్సి వచ్చింది. ఇమోజెన్ పిల్లల దగ్గరే ఉండి పని చేసింది. ఏది మేలో పోల్చకూడదు అనిపిస్తుంది, అయినా పోల్చకుండా ఉండలేకపోయాను. కవలల్లో ఒకడైన రోండల్ తర్వాత ఆ డొరోతియాకే సహాయకుడిగా చేరి, తనూ ఫోటోగ్రాఫర్ అయ్యాడు.

ఇమోజెన్ ఆ తర్వాత ఇంకో నలభై ఏళ్ళు పని చేసింది. 1970లో, ఎనభై ఏడేళ్ళ వయసులో, పాత నెగటివ్‌లు మళ్ళీ ప్రింటు వేయడానికి గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది. తొంభై రెండేళ్ళప్పుడు, తొంభై దాటిన వాళ్ళ ఫోటోలతో ఒక పుస్తకం మొదలుపెట్టింది. 1976 జూన్‌లో పోయింది. పుస్తకం మరుసటి ఏడు వచ్చింది.

మొన్న ఆదివారం ఆ మాగ్నోలియా ఫోటో అక్కకు చూపించాను. పాపను ఒళ్ళో వేసుకుని చాలాసేపు చూసి, వెలుగు ఎటువైపు నుంచి పడిందో చెప్పమంది. నాకు తెలియలేదు. తనే వేలు పెట్టి చూపించింది. మాఘమాసం ముహూర్తాలకు రెండు పెళ్ళిళ్ళు అడుగుతున్నారట. పాపను ఎత్తుకోవడానికి తానే వస్తానని అమ్మ చెప్పింది. అక్క ఇంకా వాళ్ళకు ఫోన్ చేయలేదు.