నదిని పై నుంచి చూసిన ఇంజనీరు

మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు మీరు వినే ఉంటారు. ఆయన పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. ఆయన మాత్రం 1861లో కర్ణాటకలోని ముద్దెనహళ్ళిలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ పట్టభద్రులయ్యారు. తరువాత పూనాలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. సింధు నది ఒడ్డున ఉన్న సక్కర్‌లోనూ, తాపీ ఒడ్డున ఉన్న సూరత్‌లోనూ పనిచేశారు.

1908 సెప్టెంబరు 28న హైదరాబాదును మూసీ వరద ముంచెత్తింది. దాదాపు 15 వేల మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. అప్పటికి విశ్వేశ్వరయ్య ఉద్యోగం వదిలి విదేశాల్లో పర్యటిస్తున్నారు. నిజాం ప్రభుత్వం పిలవగా 1909లో హైదరాబాదు వచ్చారు.

నది ఒడ్డున ఎత్తైన గోడలు కడితే చాలదా అని మీకు అనిపించవచ్చు. ఆయన నగరంలో ఆగకుండా, నది ఎగువకు వెళ్ళి వాన లెక్కలు చూశారు. అక్కడి చెరువులు వందల సంఖ్యలో తెగి, ఆ నీరంతా ఒక్కసారిగా ఊరి మీద పడిందని గుర్తించారు. అందుకే మూసీ మీద, దాని ఉపనది ఈసీ మీద నగరానికి ఎగువన జలాశయాలు కట్టాలన్నారు. నగరానికి భూగర్భ మురుగు కాలువలు, నది వెంట గట్లు, తోటలు కూడా సూచించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

ఆయన 1912 నుంచి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేశారు. 1955లో భారతరత్న అందుకున్నారు. 1962లో, నూరేళ్ళు నిండాక కన్నుమూశారు.

జలాశయాలు నగరాన్ని కాపాడాయి, మంచినీళ్ళూ ఇచ్చాయి. కాని వాటి కోసం ఎగువ రైతులు భూములు వదులుకోవలసి వచ్చింది. ఈ సంగతి చాలా పుస్తకాలు చెప్పవు. దిగువన మూసీలో నీరు తగ్గింది, మురుగు పెరిగింది. ఎండిన ఒడ్డున, చోటు దొరకని పేదలు గుడిసెలు వేసుకున్నారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వరదను ఆపాలంటే జలాశయంలో కొంత ఖాళీ ఉండాలి. తాగునీటికి, సాగుకు, కరెంటుకు అయితే నిండుగా ఉండాలి. సూరత్‌కు ఎగువన తాపీ మీద 1972లో పూర్తయిన ఉకాయి ఆనకట్ట విషయంలోనూ ఇదే జరిగింది. 2006 ఆగస్టులో, నిండుతున్న జలాశయం నుంచి 8 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. తెలుగు నేత కార్మికులు వేల సంఖ్యలో స్థిరపడిన ఆ నగరంలో అధిక భాగం మునిగింది. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు నీళ్ళు ముందుగా చేరింది మూసీ ఒడ్డున ఉన్న బస్తీలకే.