ఫైర్ ఆఫీసరు ఉద్యోగం నుంచి ఘటోత్కచుని గద దాకా: ఎస్.వి. రంగారావు గారి జీవితం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం గురించి రాసి ఇవ్వమని కార్యదర్శి గారు కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను మటుకు సర్వీసంతా ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాను. అందుకే ఒకప్పుడు మనలాగే హాజరుపట్టీలో సంతకం పెట్టి, నెలాఖరున జీతం అందుకుని, ఆ తరువాత తెలుగువారి ఇంటింటి మనిషి అయిన ఒక నటుని జీవితాన్ని ఎంచుకున్నాను. ఆయనే సామర్ల వెంకట రంగారావు గారు. అందరికీ తెలిసిన పేరు ఎస్.వి. రంగారావు.

ఆయన నటన గురించి రాసినవారు ఎందరో ఉన్నారు. ఆయన చేసిన ఉద్యోగాలను మాత్రం ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి దాటిపోతారు. ఉద్యోగం చేసి రిటైరయిన మనకు ఆ ఒకటి రెండు వాక్యాల్లోనే అసలు సంగతి ఉన్నదని నా అభిప్రాయం.

బాల్యం, చదువు

రంగారావు గారు 1918 జూలై 3న కృష్ణా జిల్లా నూజివీడులో జన్మించారు. తండ్రి కోటేశ్వరరావు గారు ఎక్సైజు శాఖలో ఇన్‌స్పెక్టరు. తల్లి లక్ష్మీ నరసాయమ్మ గారు. తండ్రికి తరచూ బదిలీలు. ఆ రోజుల్లో ప్రభుత్వోద్యోగి పిల్లల చదువు ఎలా సాగేదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మూడేళ్ళకొక ఊరు, ఊరికొక బడి. అందువల్ల ఈ పిల్లవాడు నాయనమ్మ దగ్గర మద్రాసులో పెరిగాడు. తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలులో చదివాడు. అక్కడే పదిహేనేళ్ళ ప్రాయంలో మొదటిసారి ముఖానికి రంగు వేసుకున్నాడు.

తరువాత విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాలలో ఇంటర్మీడియట్, కాకినాడ పి.ఆర్. కళాశాలలో బి.ఎస్సీ. కాకినాడలో ఆ కాలంలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అనే నాటక సంఘం ఉండేది. తరువాత సినిమాల్లో గొప్ప పేరు తెచ్చుకున్న అంజలీదేవి, ఆదినారాయణరావు గార్లు కూడా ఆ క్లబ్బు నుంచి వచ్చినవారే. రంగారావు గారు అక్కడ తెలుగు చారిత్రక నాటకాలతో పాటు షేక్‌స్పియర్ నాటకాల్లోనూ వేషాలు కట్టారు. షైలాకు పాత్ర అందులో ఒకటి. డబ్బు కోసం మనిషి కండ అడిగే ఆ వడ్డీ వ్యాపారిలో క్రౌర్యం ఎంతో దుఃఖమూ అంతే. ఆయన తరువాత వేసిన ప్రతినాయక పాత్రలు చూస్తే, దుర్మార్గునిలో కూడా ఒక మనిషిని చూపించే ఆ విద్యకు పునాది స్టేజీ మీదనే పడిందనిపిస్తుంది.

అగ్నిమాపక శాఖలో ఉద్యోగం

చదువు తరువాత అందరిలాగే ఆయన కూడా ఉద్యోగం చూసుకున్నారు. మద్రాసులో శిక్షణ పొంది ఫైర్ ఆఫీసరు అయ్యారు. బందరులోను, విజయనగరంలోను పని చేశారు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, గంభీరమైన కంఠం, చక్కని ఇంగ్లీషు. యూనిఫారంలో అధికారి అంటే అచ్చం అలాగే ఉండాలి. అక్కడే ఉండిపోతే నిక్షేపంగా ప్రమోషన్లు పొంది, పెన్షను తీసుకుని ఉండేవారు.

కాని 1946లో దూరపు బంధువైన బి.వి. రామానందం గారు తాను తీస్తున్న వరూధిని చిత్రంలో ప్రవరాఖ్యుని వేషం ఇస్తానన్నారు. రంగారావు గారు ఉద్యోగానికి రాజీనామా చేసి మద్రాసు రైలెక్కారు. మొదటి సినిమాలోనే కథానాయకుడు! ఇంట్లో వాళ్ళు ఎంత భయపడ్డారో, ఇరుగుపొరుగు ఏమనుకున్నారో మనం ఊహించుకోవచ్చు. సర్కారు కొలువు వదులుకున్నవాణ్ణి ఆ రోజుల్లో ఎవరూ తెలివిగలవాడని అనలేదు.

సినిమా ఆడలేదు. వేరే అవకాశాలూ రాలేదు.

టాటా కంపెనీలో గుమాస్తాగిరీ

ఇక్కడే నాకు ఈయన మీద గౌరవం రెట్టింపవుతుంది. సినిమా పోయిందని మద్రాసులో నిర్మాతల గడపలు పట్టుకుని తిరగలేదు. తనకు అన్యాయం జరిగిందని ఏడుస్తూ ఇంట్లో కూర్చోలేదు. ఎక్కడో ఉన్న జంషెడ్‌పూరు వెళ్ళి టాటా కంపెనీలో బడ్జెట్ అసిస్టెంటుగా చేరారు. 1947 డిసెంబరులో మేనమామ కూతురు లీలావతి గారిని వివాహం చేసుకున్నారు. సంసారం మొదలైంది.

బడ్జెట్ అసిస్టెంటు పని ఏమిటో మనలో అకౌంట్సు సెక్షనులో పని చేసినవారికి బాగా తెలుసు. అంకెలు, కాలమ్‌లు, అంచనాలు, సవరించిన అంచనాలు. కొన్నేళ్ళ తరువాత కోట్లాది మందిని నవ్వించి భయపెట్టిన మాంత్రికుడు అప్పుడు ఒక కుర్చీలో కూర్చుని పద్దులు కూడుతున్నాడంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

కాని ఆయన ఆ ఊళ్ళో నాటకం మాత్రం మానలేదు. ఉక్కు కర్మాగారం కోసం వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు అక్కడ సంఘం పెట్టుకుని నాటకాలు వేసేవారు. రంగారావు గారు వాళ్ళతో కలిసి వేషాలు కట్టారు. పటాన్‌చెరు, రామచంద్రాపురం వైపు ఉన్న మన సభ్యులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. 1960లలో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చాక, తరువాత పారిశ్రామికవాడ పెరిగాక, ఎక్కడెక్కడి జిల్లాలవాళ్ళో, ఏయే రాష్ట్రాలవాళ్ళో ఇక్కడికి చేరారు. పగలు షిఫ్టు, సాయంత్రం రిహార్సలు. ఉగాదికో వినాయక చవితికో కాలనీలో స్టేజీ కట్టి నాటకం వేస్తే, పక్క క్వార్టరు మెకానిక్కు ఆ రాత్రి శ్రీకృష్ణుడు. ఊరు కాని ఊళ్ళో మనిషిని నిలబెట్టేవి ఇలాంటివే. జంషెడ్‌పూరులో రంగారావు గారిని నిలబెట్టినదీ అదే.

మళ్ళీ మద్రాసు

కొంతకాలానికి దర్శకులు బి.ఎ. సుబ్బారావు గారి నుంచి కబురు వచ్చింది. పల్లెటూరి పిల్ల చిత్రంలో ప్రతినాయకుని వేషం. సరిగ్గా అప్పుడే తండ్రి మరణించారు. కొడుకుగా చేయవలసిన కర్మకాండలు ముగించుకుని మద్రాసు చేరేసరికి ఆ పాత్ర ఎ.వి. సుబ్బారావు గారికి వెళ్ళిపోయింది. రంగారావు గారికి చిన్న వేషాలే మిగిలాయి.

1949లో విడుదలైన మనదేశం చిత్రంలో కూడా ఆయనది చిన్న వేషమే. అదే సినిమాతో తెరకు పరిచయమైన మరొకరు ఎన్.టి. రామారావు గారు. ఆయనా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఉద్యోగం కొద్దిరోజులు చేసి వదిలి వచ్చినవారే! సర్కారు కొలువు వద్దనుకున్న ఇద్దరు మనుషులు ఒకే చిత్రంలో చిన్న చిన్న వేషాలతో మొదలు పెట్టారు. తరువాత పాతికేళ్ళు తెలుగు పౌరాణికాలను మోసింది ఆ ఇద్దరి భుజాలే అంటే అతిశయోక్తి కాదు.

1950లో విజయా సంస్థ వారి షావుకారులో సున్నం రంగడు అనే రౌడీ పాత్ర వచ్చింది. చిన్నదే అయినా చూసినవాళ్ళు మరచిపోలేదు. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు కూడా మరచిపోలేదు. మరుసటి ఏడు వారి పాతాళ భైరవిలో నేపాళ మాంత్రికుని వేషం ఆయనకే దక్కింది. దర్శకులు కె.వి. రెడ్డి గారు. ఆ మాంత్రికుని గడ్డం, ఆ కంటిచూపు, ఒక్కొక్క మాటనూ విరిచి పలికే ఆ తీరు ఊరూరా పిల్లల ఆటల్లోకి వచ్చేశాయి. అప్పటికి ఆయనకు ముప్పై మూడేళ్ళు కూడా నిండలేదు.

పాత్రలు

ఆయన పాత్రలన్నీ రాస్తే ఈ సంచిక చాలదు. నాలుగైదు చెబుతాను.

1955లో బి.ఎన్. రెడ్డి గారు బంగారు పాప తీశారు. జార్జ్ ఇలియట్ అనే ఇంగ్లీషు రచయిత్రి నవల ఆధారంగా పాలగుమ్మి పద్మరాజు గారు దానికి రచన చేశారు. అందులో రంగారావు గారు కోటయ్య. మొరటువాడు. దొరికిన ఒక పసిపాపను పెంచుతూ మనిషిగా మారతాడు. మాంత్రికుడిగా జనాన్ని భయపెట్టిన మనిషే ఇక్కడ కన్నీళ్ళు పెట్టించాడు. అదే ఏడు మిస్సమ్మలో అమాయకుడైన జమీందారు. అప్పటికి ఆయనకు నలభై కూడా నిండలేదు. అయినా పెళ్ళీడు కూతురి తండ్రిగా మనకు ఎక్కడా అనుమానం రాదు.

1957లో మాయాబజార్. ఘటోత్కచుడు. రాక్షసుడంటే భయం పుట్టాలి, కాని ఈ ఘటోత్కచుణ్ణి చూస్తే పిల్లలు చప్పట్లు కొడతారు. పెళ్ళివారి భోజనాలన్నీ ఒక్కడే ఆరగించే పాటకు గొంతు మాధవపెద్ది సత్యం గారిది. అయినా పాడుతున్నది రంగారావు గారే అనిపిస్తుంది. ఒక విషయం గమనించండి. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించే ఘట్టాల్లో సావిత్రి గారు రంగారావు గారి నడకను, చూపును, చేయి తిప్పే తీరును చూపించాలి. ఆవిడ అద్భుతంగా చూపించారు. ఒక నటునికి తనదైన ముద్ర ఉంటేనే గదా, ఇంకొకరు దానిని పట్టుకుని నటించగలిగేది.

1963లో కమలాకర కామేశ్వరరావు గారి దర్శకత్వంలో నర్తనశాల. కీచకుడు. ఆ పాత్రకు గాను 1964లో ఇండొనేషియా రాజధాని జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవంలో ఆయన ఉత్తమ నటునిగా ఎంపికయ్యారు. విరాటపర్వంలోని ఒక దుష్టపాత్ర సముద్రాలు దాటి బహుమతి తెచ్చింది. ఆయనకు మాత్రం మన దేశ ప్రభుత్వం పద్మ బిరుదు ఏదీ ఇవ్వలేదు. ఈ లోటు గురించి అభిమానులు ఇప్పటికీ బాధపడతారు.

తరువాత పాండవ వనవాసంలో దుర్యోధనుడు, భక్త ప్రహ్లాదలో హిరణ్యకశిపుడు. తమిళంలోనూ ఆయనకు గొప్ప పేరుంది. దర్శకునిగా 1967లో చదరంగం, 1968లో బాంధవ్యాలు తీశారు. రెండో దానికి నంది బహుమతి లభించింది. తీరిక దొరికితే కథలు కూడా రాసేవారు.

1973లో దాసరి నారాయణరావు గారు దర్శకునిగా మొదటి చిత్రం తాత మనవడు తీశారు. వృద్ధులైన తల్లిదండ్రులను కొడుకు నిర్లక్ష్యం చేసే కథ అది. తాతగా రంగారావు గారు, మనవడిగా రాజబాబు గారు. మన సభ్యులు ఇప్పుడు ఇంటిల్లిపాదితో కూర్చుని మరోసారి చూడదగిన సినిమా ఏదంటే నేను దీనినే చెబుతాను. యాభై నాలుగేళ్ళ మనిషి వృద్ధాప్యపు నిస్సహాయతను అంత చక్కగా ఎలా పట్టుకున్నారో గాని, తానే నిజంగా వృద్ధుడయ్యే అదృష్టం ఆయనకు లేకపోయింది.

చివరి రోజులు

1974 మొదట్లో హైదరాబాదులో ఉండగా ఆయనకు గుండెపోటు వచ్చింది. ఉస్మానియా ఆసుపత్రిలో చికిత్స జరిగింది. అదే ఏడు జూలై 18న మద్రాసులో మళ్ళీ గుండెపోటు వచ్చి కన్నుమూశారు. వయసు యాభై ఆరు. ప్రభుత్వ సర్వీసులోనే కొనసాగి ఉంటే, మనలో చాలామందికి సన్మానం చేసి శాలువా కప్పిన వయసు కూడా ఆయనకు రాలేదు. హైదరాబాదుకు దూరదర్శన్ వచ్చింది 1977లో. బుల్లితెరను మన ఇళ్ళల్లో ఆయన చూడలేదు. కాని ఆ బుల్లితెర వల్లనే నేటి పిల్లలకు కూడా ఆయన తెలుసు. 2013లో భారతీయ సినిమాకు నూరేళ్ళు నిండిన సందర్భంగా తపాలా శాఖ వేసిన బిళ్ళల్లో ఆయన బొమ్మ కూడా ఉన్నది.

మనకు పనికివచ్చే మాట

రంగారావు గారి కథ చెప్పి, ఉద్యోగం వదిలేస్తేనే గొప్పవాడవుతారని పిల్లలకు బోధించడం నా ఉద్దేశం కాదు. ఆయనలాగా రాజీనామా ఇచ్చి మద్రాసు వెళ్ళి, పేరు లేకుండా పోయినవారు వందలమంది ఉంటారు. వారి జీవితచరిత్ర ఎవరూ రాయరు. ఆయన జీవితంలో నాకు కనిపించిన విషయం వేరు. ఓడిపోయినప్పుడు కుర్చీలో కూర్చుని పద్దులు రాయడం ఆయన నామోషీగా భావించలేదు. పద్దులు రాస్తూ తన విద్యను అటకెక్కించనూ లేదు. కబురు వచ్చేసరికి సిద్ధంగా ఉన్నారు.

మన దఫ్తర్లలో ఎంతమంది ఉండేవారు! హరిశ్చంద్ర పద్యాలు రాగయుక్తంగా పాడే జూనియర్ అసిస్టెంట్లు, మీటింగుల్లో నవ్వులు పూయించే అటెండర్లు. నాకు తెలిసిన ఒక టైపిస్టు చక్కని నటుడు. రిహార్సలుకని గంట ముందు వెళ్తానంటే అధికారి ఒప్పుకోలేదు, తోటివారు ఎగతాళి చేశారు. రెండు మూడుసార్లు అలా జరిగేసరికి ఆ మనిషి నాటకమే మానేశాడు. ఉద్యోగం ఆ టైపిస్టు విద్యను తినలేదు. పక్కనున్న మనం తిన్నాము.

ఇప్పుడు మనకు ఫైళ్ళు లేవు, మెమోలు లేవు. మనవలు స్కూలు వార్షికోత్సవంలో వేషం వేస్తానంటే, మార్కులు పోతాయని అడ్డుపడవలసిన అవసరమూ మనకు లేదు. ఆ పని తల్లిదండ్రులు ఎలాగూ చేస్తారు. మనం వెళ్ళి మొదటి వరుసలో కూర్చుందాం. గొంతు ఇంకా సహకరించే సభ్యులుంటే వచ్చే పెన్షనర్ల దినోత్సవానికి, డిసెంబరు 17న, ఒక చిన్న నాటిక వేద్దాం. ఘటోత్కచుని గద మోయడానికి ఒళ్ళు సహకరించకపోతే అట్టముక్కతో చేయించుకుందాం.