బంగారు గడప

హైదరాబాదులో అబిడ్సునుండి నాంపల్లి పోవు త్రోవలో ఒక పాత భవనము కలదు. దానికి పేరిచ్చినది రాజు కాదు, శ్రీమంతుడు కాదు, ఒక పుస్తకము. 1905లో లండనున వెలువడిన సరోజినీదేవి తొలి కవితాసంపుటి పేరే ‘గోల్డెన్ త్రెషోల్డ్’, అనగా బంగారు గడప. మన ఇండ్లలో గడపకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టుదుము. ఆడుది దానిని దాటరాదనియు కట్టడి చేసితిమి. ఈ గడప కథ వేరు.

ఆమె తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులు వంగదేశీయులు. ఎడింబరోలో డాక్టరు పట్టము పొంది నిజాము రాజ్యమున కళాశాలకు అధ్యక్షులైన పండితులు. 1879 ఫిబ్రవరి 13వ తేదీన సరోజిని ఈ నగరముననే జన్మించెను. పండ్రెండవ యేటనే మద్రాసు మెట్రిక్యులేషను పరీక్షలో నెగ్గెను. తండ్రి ఆమెను శాస్త్రజ్ఞురాలిని చేయగోరగా, బీజగణితపు లెక్క తెగనిచోట పద్యము పుట్టెనట! 1895లో నిజాము ఇచ్చిన విద్యార్థి వేతనముతో ఇంగ్లండు వెళ్లెను. అచట ఎడ్మండ్ గాస్ అను విమర్శకుడు, ఆంగ్లేయుల పూలను పిట్టలను వర్ణించుట మాని స్వదేశమును పాడుమని హితవు చెప్పెను.

తిరిగి వచ్చినపిమ్మట 1898 డిసెంబరులో ఆమె డాక్టరు గోవిందరాజులు నాయుడుగారిని పెండ్లాడెను. కులము వేరు, భాష వేరు. మద్రాసులో 1872నాటి వివాహచట్టము ననుసరించి జరిగిన ఆ పెండ్లి జరిపించినవారు మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు! తెలుగువారు ఈ ముచ్చటను తరచు మరతురు.

1908లో మూసీ పొంగి నగరమును ముంచెత్తినపుడు ఆమె చేసిన సేవకు ప్రభుత్వము ‘కైసర్-ఇ-హింద్’ పతక మిచ్చినది. జలియన్‌వాలాబాగు మారణకాండ పిమ్మట ఆమె దానిని తిప్పి పంపివేసెను. 1914లో లండనులో గాంధీజీని కలిసినది మొదలు ఆమె బ్రతుకు ఇంటిది కాలేదు. 1925లో కాన్పూరు కాంగ్రెసుకు అధ్యక్షురాలు. 1930లో ధరాసన ఉప్పు కొటారులపై సత్యాగ్రహమునకు నాయకురాలు. 1942లో ఆగాఖాన్ భవనమున బందీ. నలుగురు బిడ్డల తల్లి ఉత్తరముల రూపముననే ఇల్లు చేరుచుండెడిది. వైద్యవృత్తిలో నున్న భర్త హైదరాబాదునందే నిలిచెను. దేశసేవకుల చరిత్రలలో ఇట్టి భర్తలకు రెండు పంక్తులైనను దక్కవు.

మరి కవిత్వమేమైనది? 1912లో రెండవ సంపుటి, 1917లో ‘బ్రోకెన్ వింగ్’ వెలువడినవి. ఆపై జీవించియుండగా మరియొక క్రొత్త సంపుటి రాలేదు. పద్యము ఆమెను విడిచెనని కొంద రందురు. ఆమెయే దానిని విడిచెనని నా తలంపు. సభలలో ఆమె వాక్కునకు లక్షలాది జనులు ముగ్ధులైరి, నిజమే. అయినను ఆ నష్టము చిన్నదనుటకు మన సొప్పదు. 1927లో వ్రాసి దాచిన పద్యములను ఆమె మరణానంతరము, 1961లో, కుమార్తె పద్మజ వెలికి తెచ్చెను.

స్వతంత్ర భారతమున తొలి మహిళా గవర్నరై, సంయుక్త రాష్ట్రములను పాలించుచు, 1949 మార్చి 2న ఆమె లక్నోలో కన్నుమూసెను. హైదరాబాదు విశ్వవిద్యాలయము 1974లో ఏర్పడినపుడు తొలి తరగతులు ఈ యింటనే జరిగినవి. విశ్వవిద్యాలయము గచ్చిబౌలికి తరలినపిమ్మటను, ఆమె పేరు దాల్చిన కళావిభాగము చాలకాలము ఆ గదులలోనే నడచినది.