అనక్సాగరస్: ఏథెన్స్‌లో పై ఊరివాడు

గ్రీకు తత్వవేత్తలనగానే అందరికీ సోక్రటీస్ గుర్తొస్తాడు. ఈసారి మేము ఆయనకన్నా ముందువాడైన అనక్సాగరస్ గురించి రాస్తున్నాం.

క్రీస్తుపూర్వం 500 ప్రాంతంలో, నేటి టర్కీలోని ఇజ్మీర్ దగ్గర క్లజోమెనైలో పుట్టాడు. కలిగిన కుటుంబమే. ఆస్తి బంధువులకు వదిలేసి ఏథెన్స్ చేరి, సుమారు 30 ఏళ్లు అక్కడే ఉన్నాడంటారు. భాష గ్రీకే, అయినా పై ఊరివాడు. అలాంటివాళ్లు పన్ను కట్టాలి, సభలో ఓటు మాత్రం లేదు. పై ఊరివాళ్లన్న మాట ఎలా ఉంటుందో మన ఇళ్లలో పెద్దలకు వేరే చెప్పనక్కర్లేదు.

చంద్రుడి వెలుగు సూర్యుడిదేనని, గ్రహణాలకు కారణం ఒకటి మరొకదానికి అడ్డురావడమేనని వివరించాడు. సృష్టిని కదిలించింది బుద్ధి అన్నాడు. సూర్యుడు దేవుడు కాదు, మండే రాయి అన్నాడు. అదే ముప్పు తెచ్చింది. నగరాన్ని నడిపే పెరిక్లీస్ ఆయనకు ఆప్తుడు. పెరిక్లీస్‌ను నేరుగా ఏమీ చేయలేనివాళ్లే ఈయన మీద దైవదూషణ కేసు పెట్టారని మేము అనుకుంటాం. శిక్ష గురించి పాత రచయితలు తలో మాట చెబుతారు. మొత్తానికి ఏథెన్స్ విడిచాడు.

లాంప్సకస్ ఆయన్ను ఆదరించింది. అదీ సొంతూరు కాదు. క్రీస్తుపూర్వం 428 ప్రాంతంలో అక్కడే పోయాడు. ఏం చేయమంటారని ఊరి పెద్దలు అడిగితే, తను పోయిన నెలలో ఏటా పిల్లలకు సెలవు ఇమ్మన్నాడట. ఆ సెలవు వందల ఏళ్లు సాగింది.