కుటుంబ కోర్టుల ఆలోచన వెనుక మన దుర్గాబాయి



దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను మన పిల్లలు సోషల్ పాఠాల్లో స్వాతంత్ర్య సమరయోధురాలిగా చదువుతారు. ఇంటి గొడవలు వినడానికి వేరుగా కోర్టులు కావాలని మన దేశంలో మొదట గట్టిగా అడిగింది కూడా ఆమే.

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్లి తనకు కుదరదని భర్తకు చెప్పి విడిపోయారు. తండ్రి, తమ్ముడు అండగా నిలిచారు. ఆ భర్త మళ్లీ పెళ్లి చేసుకుని, కొన్నాళ్లకు చనిపోయారు. అప్పుడు ఆయన రెండో భార్యను దుర్గాబాయి తన ఆంధ్ర మహిళా సభలో చేర్చుకుని, పని నేర్పించి, సొంత కాళ్ల మీద నిలబడేలా చేశారు. విడిపోయినంత మాత్రాన పగ పెంచుకోలేదు.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లినప్పుడు, చట్టం తెలియక శిక్షలు అనుభవిస్తున్న ఆడవాళ్ల గోడు విన్నారు. లా చదవాలని అక్కడే నిర్ణయించుకున్నారు. ఆగిపోయిన చదువును మెట్రిక్ నుంచి మళ్లీ మొదలుపెట్టి, 1942లో మద్రాసులో లా పూర్తిచేశారు. తర్వాత రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు.

1953లో చైనా వెళ్లి అక్కడి కుటుంబ కోర్టులను చూశారు. తిరిగొచ్చాక జస్టిస్ చాగ్లా, జస్టిస్ గజేంద్రగడ్కర్‌లతోనూ, ప్రధాని నెహ్రూతోనూ ఈ విషయం చర్చించారు. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. కుటుంబ కోర్టుల చట్టం వచ్చింది 1984లో. ఆమె దాన్ని చూడలేదు. ఈ చట్టం ప్రకారం జడ్జి ముందుగా రాజీకి ప్రయత్నించాలి. అందుకు కౌన్సెలర్ల సాయం తీసుకోవచ్చు. ఎవరు గెలిచారన్నది కాదు, ఇల్లు ఎలా నిలబడుతుందన్నది ముందు చూడాలి.

ఇది మన న్యూస్‌లెటర్‌లో ఎందుకంటే, ఇంట్లో గొడవ జరిగిన మర్నాడు పిల్లలు క్లాసులో ఉన్నా లేనట్టే ఉంటారు. హోంవర్క్ రాయరు, అడిగితే చెప్పరు. మేము బద్ధకం అనుకుంటాం. ఆత్మకూరులోనైనా, ఉదయగిరిలోనైనా ఇది ఒకటే.

అందుకే టీచరుగా నావి మూడు మనవులు. ఇంట్లో ఇబ్బంది ఉంటే క్లాస్ టీచరుకు ఒక్క మాట చెప్పండి, వివరాలు అక్కర్లేదు. అమ్మానాన్నల మధ్య కబుర్లు మోసే పని పిల్లలకు పెట్టకండి. ఇద్దరూ కలిసి రాలేకపోతే వేర్వేరు రోజుల్లోనైనా వచ్చి ప్రోగ్రెస్ కార్డు చూడండి. బెంగళూరులోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లు ఫోన్ చేసినా చాలు.

పెద్దవాళ్లు విడిపోవచ్చు, కలిసుండొచ్చు. పిల్లలకు మాత్రం ఇద్దరూ కావాలి.